ఫోను మార్చడమా, కాపురం మార్చడమా?

నవల పంపించి సమీక్ష రాయమంటే రాస్తాను. నాటకం చూసివచ్చి నాలుగు మాటలు రాయమన్నా కాదనను. కాని ఫోన్ల మీద విమర్శ రాస్తానని చెప్పేసరికి, కాఫీ తాగుతున్న మావారికి పొలమారింది.

"బీయేలో నువ్వు చదివింది తెలుగూ, చరిత్రా. ఆండ్రాయిడ్‌కీ ఐఫోనుకీ తేడా నీకేం తెలుసు?" అన్నారు తేరుకుని.

తెలియదు కనకనే రాస్తున్నాను. తెలిసినవాళ్ళు రాసినవి రెండు వారాలపాటు చదివాను. కెమెరాకి ఎన్ని మెగాపిక్సెళ్ళు, లోపలి చిప్పు వేగమెంత, తెర మెరుపెంత, అన్నీ చెప్పారు. పగలు తడిచేతుల్తో పట్టుకుని, రాత్రి పదిన్నరకి కళ్ళజోడు తగిలించుకుని అందులోనే నవల రాసుకునే ఆడదానికి ఏది పనికొస్తుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. చెప్పవలసిన భారం నా మీదే పడింది.

అసలు సంగతేమిటంటే, నా ఫోను కొని అయిదేళ్ళయింది. పొద్దున్నే నిండుగా చార్జింగు పెడితే దీపం పెట్టేసరికి అరవై, వంటయ్యేసరికి ఇరవై. ఈమధ్య దాని వీపు కూడా కాస్త ఉబ్బింది. "అది ఫోను కాదు, దీపావళి సామాను. ముందు దాన్ని ఇంట్లోంచి పంపించు" అని మావారి హెచ్చరిక.

పంపించడం వరకూ అందరిదీ ఒకే మాట. దాని స్థానంలో ఎవరు రావాలన్న దగ్గర ఇంట్లో రెండు పార్టీలు లేచాయి. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయిది ఐఫోను పార్టీ. "అమ్మా, ఒక్కసారి కొనుక్కో, హాయిగా ఉంటావు" అంటుంది. మావారిది ఆండ్రాయిడ్ పార్టీ. "అందులో మూడో వంతు డబ్బుకి అదే పని చేసే ఫోనొస్తుంది" అంటారు. మా అత్తగారు స్వతంత్ర అభ్యర్థి. ఆవిడది బటన్ల ఫోను. "ఎత్తితే మాట్లాడాలి, పెట్టేస్తే ఊరుకోవాలి" అన్నది ఆవిడ ఎన్నికల ప్రణాళిక. నవ్వకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని ఊడ్చిపారేసి కరెంటు పోయినప్పుడు, మా అందరి పెద్ద ఫోన్లూ మర్నాటికే కళ్ళు మూశాయి. నాలుగో రోజు రాత్రి కూడా మేం మెట్లు దిగింది అత్తగారి ఫోను దీపంతోనే.

ఆదివారం ద్వారకానగర్‌లో ఓ దుకాణానికి వెళ్ళాం. కౌంటరు వెనక కుర్రాడు మమ్మల్ని కూచోబెట్టి, చల్లటి నీళ్ళిచ్చి, "మేడమ్, మీరు ఆండ్రాయిడా, ఐఫోనా?" అన్నాడు. మీరు శైవులా, వైష్ణవులా అని అడిగినట్టే ఉంది.

"ఇంకా దీక్ష తీసుకోలేదు బాబూ" అన్నాను.

ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆ ప్రశ్నకి జవాబు నా బతుకులోనే ఉందనిపించింది. నా పుట్టిల్లు వన్‌టౌన్. మా నాన్నగారు పోర్టులో గుమాస్తా. 1933లో మొదలైన ఆ రేవుకి ఏ దేశపు జెండా కట్టిన ఓడైనా వస్తుంది. రంగుపోయినదీ, రంగు వేసుకున్నదీ, చిన్నదీ, కొండంతదీ. ఆండ్రాయిడ్ పద్ధతీ అలాంటిదే. గూగుల్‌వారు దాన్ని తయారుచేసి వదిలారు. శాంసంగ్, షావొమీ, వివో, మోటరోలా, ఎవరికి తోచినట్టు వారు దానికి రంగులద్ది తమ ఫోన్లలో పెట్టుకుంటున్నారు. 2008లో అమెరికాలో మొదటి ఆండ్రాయిడ్ ఫోను అమ్మకానికి వచ్చింది మొదలు, ఏడు వేలదీ ఉంది, లక్ష దాటినదీ ఉంది.

నా అత్తిల్లు ఉక్కునగరం. తిన్నటి రోడ్లు, వరస తప్పని చెట్లు, సెక్టార్లు, నంబర్లు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఇదేదో పటంలోంచి కోసి తెచ్చిన ఊరనుకున్నాను. అంతా శుభ్రం, భద్రం. కాని క్వార్టరు గోడ పడగొట్టి కిటికీ పెట్టుకుంటామంటే కుదరదు. ఐఫోను అచ్చం ఇదే. 2007 జూన్‌లో అమెరికాలోనూ, మరుసటి ఏడాది ఆగస్టులో మన దేశంలోనూ అడుగుపెట్టింది. పెట్టె చేసేదీ ఆపిల్‌వారే, లోపలి వ్యవస్థ రాసేదీ వాళ్ళే, బయటినుంచి ఏది లోపలికి రావచ్చో మన దేశంలో చెప్పేదీ వాళ్ళే.

ఈ పోలిక వినిపిస్తే మావారు ఊరుకుంటారా? "పోర్టుకి మాత్రం గేటు లేదా? కస్టమ్స్‌వాళ్ళు లేరా?" అన్నారు. ఉన్నారు. గూగుల్‌వారి ప్లే స్టోరులోనూ తనిఖీ ఉంది. కాని ఆండ్రాయిడ్‌లో గేటు పక్కనుంచి ఓ కాలిబాట కూడా ఉంది. కావాలనుకుంటే స్టోరుతో పనిలేకుండా బయటి ఆప్‌ని మనమే లోపలికి తెచ్చుకోవచ్చు. ఆ బాట దొంగలకీ తెలుసు. 2024లో పెళ్ళి శుభలేఖ అని చెప్పి వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి, నొక్కినవాళ్ళ డబ్బు దోచుకునే మోసం గురించి పోలీసులు హెచ్చరించవలసి వచ్చింది. అది ఆండ్రాయిడ్ ఫోన్లమీద పారే పాచిక. పేరంటాళ్ళమైన మనం శుభలేఖ అంటే తెరవకుండా ఉండలేం కదా. అందుకని మరీ చెబుతున్నాను, నిజమైన శుభలేఖ బొమ్మగా వస్తుంది, లేదా పీడీఎఫ్‌గా వస్తుంది. ఇన్‌స్టాల్ చెయ్యమని అడిగే పెళ్ళికి వెళ్ళకండి.

ఇక విమర్శలోకి వస్తాను. పుస్తకం చేతికిస్తే నేను మొదట చూసేది భాష. ఫోనుకీ అదే పరీక్ష పెట్టాను.

2018 ఫిబ్రవరి ముచ్చట మీలో కొందరికైనా గుర్తుండాలి. ఐఫోనుకి ఎవరైనా ఒకానొక తెలుగు అక్షరం పంపితే, దాన్ని చూపించబోయి ఆ ఆప్ ఠపీమని మూతపడిపోయేది. ఏమిటా అక్షరమంటారా? 'జ్ఞా'. జ్ఞానంలోని జ్ఞా, జ్ఞాపకంలోని జ్ఞా. మనం రోజూ రాసే మామూలు జ్ఞా కాదు లెండి, మధ్యలో కంటికి కనిపించని గుర్తొకటి ఇరుక్కున్న జ్ఞా. జకారం, దాని కింద ఒత్తు, పైన దీర్ఘం, నడుమ ఆ కనపడని చుట్టం. ఇన్నింటినీ ఒక్క అచ్చులో పొయ్యలేక అంత ఖరీదైన యంత్రం చేతులెత్తేసింది. ఆపిల్‌వారు అదే నెల 19న 11.2.6 అనే సవరణ పంపి సరిచేశారు. ఎంత అందంగా ఉంటేనేం, జ్ఞానం పడని ఫోను అని అప్పట్లో మా స్నేహితురాళ్ళం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

అయితే ఒకవైపే నవ్వితే విమర్శ కాదు, పక్షపాతం అవుతుంది. 2020 మే నెలాఖరున ఆండ్రాయిడ్‌వారి వంతు వచ్చింది. కొండల నడుమ సరస్సు ఫోటో ఒకటి, చూస్తే ప్రాణం లేచివస్తుంది. దాన్ని తెరమీద అలంకారంగా పెట్టుకుంటే కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు ఆరుతూ వెలుగుతూ స్పృహతప్పినట్టు అయిపోయాయి. ఆ బొమ్మలోని రంగుల లెక్క ఆ ఫోన్ల లెక్కకి మించిపోయిందట. ఒకరికి జ్ఞానం పడలేదు, ఇంకొకరికి అందం పడలేదు. మార్కులు చెరిసమానం వేశాను.

ఫోను లోపలి మెనూలన్నీ తెలుగులో చూసుకునే వీలు ఎవరు ముందిచ్చారన్నది మరో లెక్క. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0లో మన భాష చేరింది. ఐఫోనులో తెలుగు చదవడం, తెలుగు కీబోర్డు అంతకుముందే ఉన్నా, మెనూలు తెలుగులోకి మారింది 2025లో, 18.4 అనే సవరణతో. నడుమ పదకొండేళ్ళు. ఇంగ్లీషు రాని మన అమ్మలూ పిన్నులూ ఆ పదకొండేళ్ళూ ఏ వాకిట్లో నిలబడ్డారో చెప్పనక్కర్లేదు. పిలుపు అందరికీ అందింది సరే, మన పేరంటపు తాంబూలం ఎవరు ముందిచ్చారో ఆడవాళ్ళకి గుర్తుండిపోతుంది.

తాంబూలమిచ్చారు కదా అని సున్నం ఎక్కువైతే ఊరుకోం. ఆండ్రాయిడ్ తెలుగులో 'సెట్టింగ్‌లు' అని ఉంటుంది. నోరారా అలా ఎవరంటారండీ? మన ఉత్తరాంధ్ర గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) వాడుకభాష కోసం జీవితమంతా పోట్లాడింది ఇందుకేనా? మా పనమ్మాయి కూడా 'సెట్టింగ్స్' అనే అంటుంది. పలికే మాట పక్కన పెట్టి వ్యాకరణం అతికించిన మాట పెట్టడం పాత జబ్బే. కొత్త యంత్రానికీ అంటుకుంది.

నావరకూ అసలైన ఉపకారం వేరే ఉంది. 2017 ఆగస్టులో గూగుల్‌వారి కీబోర్డు తెలుగు మాటని విని అక్షరాలు చెయ్యడం నేర్చుకుంది. నా పోయిన నవలలో సగం బాల్కనీలో నడుస్తూ నోటితో చెప్పినదే. ఓసారి నోట్లో వక్కపలుకు ఉండగా "ఆమె తల వంచుకుంది" అని చెబితే, "ఆమె తల ఉంచుకుంది" అని పడింది. తప్పు నా వక్కదే. కాని దిద్దబోయి ఆగాను. ఆ సన్నివేశంలో అత్తగారి ముందు ఆ పిల్ల తల ఉంచుకోవడమే గొప్ప. అలాగే ఉంచేశాను.

రెండో పరీక్ష మన్నిక. చీరకైనా చెప్పుకైనా మనం అడిగేదే. ఫోను పగలకపోవడం ఒక్కటే మన్నిక కాదు, కంపెనీవారు ఎన్నేళ్ళపాటు దానికి కొత్త సవరణలూ, దొంగలు జొరబడకుండా కొత్త గొళ్ళేలూ పంపుతారన్నది ముఖ్యం. ఇక్కడ ఉక్కునగరానిదే పైచేయిగా ఉండేది. 2018లో కొన్న ఐఫోనుకి కూడా 2024 నాటి వ్యవస్థ అందింది. రేవులో ఓడకో నీతి. నా ఫోను కంపెనీవారు (పేరెందుకు లెండి) రెండేళ్ళకే మొహం చాటేశారు. అయితే 2023లో గూగుల్ పిక్సెల్ 8కీ, 2024 జనవరిలో శాంసంగ్ ఎస్24కీ ఏడేళ్ళ హామీ ఇచ్చారు. కనక ఇప్పుడు అడగవలసింది ఏ పార్టీ అని కాదు, "బాబూ, ఎన్నేళ్ళు సవరణలు పంపుతామని రాసిచ్చారు?" అని. ఆ మాట అడిగితే కుర్రాడు మీకు ఇంకో గ్లాసు నీళ్ళిస్తాడు.

న్యూజెర్సీలో మా చెల్లెలుంటుంది. అక్కడ పిల్లల్లో ఐఫోనుకీ ఐఫోనుకీ మధ్య వెళ్ళే సందేశం నీలంగానూ, ఆండ్రాయిడ్ నుంచి వచ్చేది ఆకుపచ్చగానూ కనిపించడం పెద్ద పరువు సమస్య అయిపోయిందట. ఆకుపచ్చ గుంపు అనిపించుకోలేక దాని కొడుకు ఐఫోను కోసం రెండు రోజులు అన్నం మానేశాడట. మనకా బెడద లేదు. మనదంతా వాట్సాపే. అందులో అందరి మాటా ఒకే రంగు.

ఆ వాట్సాప్ దగ్గరే నా గుండె ఆగినంత పనయింది. నా అసలు విమర్శ ఇక్కడినుంచి మొదలు.

మూడో పరీక్ష నేను పెట్టినది కాదు. దానంతటది వచ్చింది. మా పక్క క్వార్టరు ఆవిడ పోయిన సంక్రాంతికి ఆండ్రాయిడ్ వదిలి ఐఫోను కొనుక్కుంది. దుకాణంలో "అంతా వచ్చేస్తుందండీ" అన్నారు. ఉత్సాహంకొద్దీ ఇంటికి రాగానే కొత్త ఫోను తెరిచి, ఫోటోలు తీసి, నాలుగు రోజులు వాడేసింది. అప్పుడు తీరిగ్గా పాత వాట్సాప్ సంగతులు తెచ్చుకోబోతే ఆ దారి మూసుకుంది. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకి వాట్సాప్ చరిత్ర మార్చుకునే వీలు 2022లో వచ్చినప్పుడు పెట్టిన షరతేమిటంటే, కొత్త ఫోను అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు ఉండాలి. లేదా మళ్ళీ అంతా తుడిచి మొదటికి రావాలి. ఇంకోటి కూడా ఉంది. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ దాచుకునే నకలు గూగుల్‌వారి దగ్గర ఉంటుంది, ఐఫోనులోనిది ఆపిల్‌వారి దగ్గర. ఒకరి భోషాణానికి ఇంకొకరి తాళంచెవి పట్టదు.

ఆవిడ చెబుతుంటే నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే నా వాట్సాప్‌లో మా అమ్మ ఉంది.

అమ్మ పోయి రెండేళ్ళు దాటింది. అయిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. ఫోనులో టైపు చెయ్యడం చేతకాలేదు. 2020లో ఎవరిళ్ళలో వాళ్ళు చిక్కుకుపోయిన రోజుల్లో మా తమ్ముడు ఆవిడకి మైకు గుర్తు నొక్కి పట్టుకోవడం నేర్పాడు. అప్పటినుంచి రోజూ ఓ మాట పంపేది. ముందు గొంతు సవరించుకుని, "ఏమే, వినిపిస్తోందా?" అని అడిగి, జవాబు రాదని గుర్తొచ్చి నవ్వి, అప్పుడు చెప్పేది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

ఆలోచించండి. పెళ్ళయి ఓ ఇంట్లోంచి ఇంకో ఇంటికి వెళ్ళడం మనకి కొత్తా? ఏ సామాను మనతో వస్తుంది, ఏది పుట్టింటి అటకమీద ఉండిపోతుంది, ఆ ఇంటి బీరువా తాళంచెవి ఎవరి మొలలో ఉంటుంది, ఇవన్నీ తెలిసినవాళ్ళం. ఇన్ని తెలిసీ, ఫోను కొనేటప్పుడు కెమెరా ఎలా ఉందని అడుగుతాం. వాకిలి అందం చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టు!

ఆ రోజు మధ్యాహ్నం మావారి కంప్యూటరుకి నా ఉబ్బిన ఫోనుని తీగతో కలిపాను. ఆండ్రాయిడ్‌లో ఈ వెసులుబాటుంది, లోపలి సంచులు విప్పి చూసుకోవచ్చు. వాట్సాప్ సంచిలో గొంతుల సంచి వేరే ఉంది. అందులో వారానికో చిన్న సంచి. తెరిచి చూద్దును కదా, ఎవరి గొంతో రాసిలేదు. తేదీలూ, అంకెలే. అమ్మ పేరు ఎక్కడా లేదు. ఒక్కొక్కటీ వినడం తప్ప దారిలేదు.

మూడు మధ్యాహ్నాలు విన్నాను. సంపాదకులవారు సీరియల్ ఎంతవరకు వచ్చిందని అడగడం, గ్యాస్ సిలిండరు వచ్చిందని మావారు చెప్పడం, పరీక్ష బాగా రాయలేదని అమ్మాయి ఏడవడం. వాటి మధ్య ఉన్నట్టుండి ఓ దగ్గు, "ఏమే, వినిపిస్తోందా?" మొదటిది వినగానే ఏడ్చాను. పదోదానికి నవ్వుతున్నాను. "కాకరకాయ పులుసులో బెల్లం వెయ్యడం మర్చిపోకు." "నీ కథలో ఆ పిల్ల అంత మెత్తగా ఉందేమిటే, నాలుగు అడగమను." నా నవలల మీద ఇన్నేళ్ళలో వచ్చిన అన్ని సమీక్షల్లోకీ నిజమైన సమీక్ష అదే. మొత్తం నూట నలభై మూడు దొరికాయి. కంప్యూటర్లో ఒక నకలు, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, తమ్ముడికొకటి. పెన్‌డ్రైవ్ నా నగల పెట్టెలో ఉంది.

ఆ తర్వాతే ద్వారకానగర్ మళ్ళీ వెళ్ళాను. ఆండ్రాయిడే కొన్నాను. మరీ చవకదీ కాదు, లక్షదీ కాదు. ఎక్కువేళ్ళు సవరణలిస్తామని రాసిచ్చిన కంపెనీది. నోటితో చెప్పి రాసుకోవడం అలవాటైనదాన్ని, తీగ కలిపి నా సంచులు నేనే విప్పుకోవడం రుచిచూసినదాన్ని, నాకు రేవే నయమనిపించింది. పుట్టింటి పక్షపాతమని మా అమ్మాయి అంది. అయితే కావచ్చు.

మీరూ అదే కొనాలని నేననను. నా స్నేహితురాలొకావిడ ఎంవీపీ కాలనీలో ఒంటరిగా ఉంటుంది. కొడుకు విదేశంలో. అతనిది ఐఫోను. ఆవిడకీ ఐఫోనే ఉండాలి. రాత్రివేళ ఫోను మొరాయిస్తే, ఇద్దరి తెరలూ ఒక్కలాగే ఉంటాయి కనక, "అమ్మా, అక్కడ కింద నొక్కు" అని కొడుకు కళ్ళు మూసుకుని చెప్పగలడు. చెడితే మీరు ఎవరికి ఫోను చేస్తారో వాళ్ళ పార్టీలో చేరడం ఉత్తమం. ఆ దన్ను ముందు ఏ విమర్శకురాలి మార్కులూ నిలవవు.

ఏ పార్టీ అయినా ఒక్క పని మాత్రం ముందు చెయ్యండి. ఈ వారం ఓ మధ్యాహ్నం తీరిక చేసుకుని, మీ పాత ఫోనులో ఎవరి గొంతు ఉందో వినండి. దాన్ని బయటికి తీసి మీ పెట్టెలో పెట్టుకోండి. కొత్తది కొన్నాక కూడా పాతదాన్ని వెంటనే మార్పిడికి ఇచ్చేయకండి, అంతా వచ్చిందని మీ చెవులతో విన్నాకే ఇవ్వండి.

కొత్త ఫోనులో నేను మొదట విన్నది అమ్మ మాటే. ఎప్పటిదో వేసంగి నాటిది. "ఏమే, వినిపిస్తోందా? ఆవకాయ జాడీకి గుడ్డ కట్టావా? మబ్బు పట్టింది."

లేచి వెళ్ళి చూశాను. కట్టలేదు.